కుండకి కుమ్మరి ఉన్నాడు సరే, మొలకకి ఎవరున్నారు?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మీ మేనమామగారు "కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, లోకం ఉందంటే చేసినవాడు ఉన్నట్టే" అన్నారు. మీరు "మరి దేవుణ్ని ఎవరు చేశారు?" అని ఎదురడిగితే ఆయన కోప్పడి లేచిపోయారు. ఆయన వాదంలో నిజంగా పస ఉందా, మీ ఎదురు ప్రశ్నకి జవాబుందా, బిగ్ బ్యాంగ్‌తో సృష్టికర్త ఋజువైపోయినట్టేనా అని అడిగారు. నేను సంస్కృత కళాశాలలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ కుండా, ఈ కుమ్మరీ ఉద్యోగం చేసినన్నాళ్లూ నా వెంట ఉన్నవాళ్లే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు మీ ఎదురు ప్రశ్న. చాలామంది దాన్ని తురుపు ముక్కలా వేస్తారు. "ఉన్న ప్రతిదానికీ చేసినవాడు ఉండాలి" అని ఎవరైనా అంటే ఆ ముక్క చెల్లుతుంది. మామయ్యగారు మాట వరసకి అలాగే అని ఉంటారు. కానీ శాస్త్రంలో వాదం అలా లేదు. మన తెలుగువాడు, పదిహేడో శతాబ్దపు అన్నంభట్టు, తర్కసంగ్రహం అనే తన పుస్తకానికి తానే రాసుకున్న దీపికా వ్యాఖ్యలో దీన్ని ఒక్క వాక్యంలో పెట్టాడు: "అంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్." మొలక వంటివాటికి కర్త ఉన్నాడు, ఎందుకంటే అవి కార్యాలు, కుండలాగా. హేతువు "ఉన్నాయి కాబట్టి" కాదు, "కార్యాలు కాబట్టి". అంటే లేకుండా ఉండి, తర్వాత పుట్టినవి కాబట్టి. నైయాయికుల, అంటే న్యాయశాస్త్రం (తర్కం) వాళ్ల, లెక్కలో ఆకాశం పుట్టలేదు, కాలం పుట్టలేదు, పరమాణువులు పుట్టలేదు, జీవాత్మలూ పుట్టలేదు. వాటిని ఎవరు చేశారని ఎవరూ అడగరు. ఈశ్వరుడూ అదే జాబితాలో ఉన్నాడు. కాబట్టి మీ ప్రశ్న ఈ వాదాన్ని తాకకుండానే పక్కనుంచి వెళ్లిపోతుంది. పుట్టనివి అన్ని ఉన్నప్పుడు ఇంకొకటెందుకు అని అడిగితే మాత్రం అది అసలు ప్రశ్న అవుతుంది. దాని దగ్గరికే వస్తున్నాను.

ఆ వాక్యంలో మొలకనే ఎందుకు పట్టుకున్నాడో చూడండి. ఇల్లు, బండి, బట్ట తీసుకుంటే కర్త కళ్లెదుటే ఉంటాడు, వాదమే అక్కర్లేదు. ఆకాశం తీసుకుంటే అది కార్యమే కాదు. మొలక ఈ రెంటికీ మధ్యలో ఉంది. నిన్న లేదు, ఇవాళ ఉంది, కాబట్టి కార్యం. రైతు విత్తనం వేశాడు, నీళ్లు పెట్టాడు, కానీ విత్తనం లోపల ఏ అవయవం ఎక్కడ కలవాలో రైతు కలపలేదు, అతనికి తెలియదు కూడా. అడవిలో మొలిచేదానికి ఆ రైతు కూడా లేడు. పర్వతాల సంగతేమిటి, అవి పుట్టడం ఎవరు చూశారు అంటే, అవయవాలు కూడి ఏర్పడింది ఏదైనా ఎప్పుడో కూడి ఉండాలి కాబట్టి అదీ కార్యమే అంటారు.

తర్వాతి మెట్టు ఇంకా అందంగా ఉంటుంది. కర్త అంటే ఎవరు? చేతులున్నవాడు అనలేదు. "ఉపాదాన గోచర అపరోక్ష జ్ఞాన చికీర్షా కృతిమత్త్వం కర్తృత్వం" అన్నాడు. దేనితో వస్తువు తయారవుతుందో ఆ ముడిపదార్థం ప్రత్యక్షంగా తెలిసి ఉండాలి, చేయాలన్న కోరిక ఉండాలి, ప్రయత్నం ఉండాలి. కుమ్మరికి ఈ మట్టి కుండకి పనికొస్తుందా, ఇసక పాలు ఎక్కువైందా అన్నది వేలికొనలకి తెలుసు. అలాగే మొలకకి, కొండకి, భూమికి కర్త ఉన్నట్టయితే అతనికి వాటి ముడిపదార్థం ప్రత్యక్షంగా తెలియాలి. వాటి ముడిపదార్థం చివరికి పరమాణువులు. పరమాణువులన్నీ ప్రత్యక్షంగా తెలిసినవాడు మనలాంటి కళ్లున్నవాడు కాలేడు. "సర్వజ్ఞుడు" అన్న విశేషణం భక్తి కొద్దీ తగిలించింది కాదు, కర్త అన్నదాని లక్షణం లోంచే జారి పడింది. తర్కం చదవడం మొదలుపెట్టిన పిల్లలకి ఈ చోట ముఖం వెలుగుతుంది. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" అని ఊరికే అనలేదు, కాశీకి వెళ్లొచ్చినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు.

ఇక దెబ్బ ఎక్కడ తగులుతుందో చెబుతాను. ఈ వాదాన్ని మామయ్యగారికన్నా గట్టిగా చెప్పినవాళ్లు ఉన్నట్టే, మీకన్నా గట్టిగా కొట్టినవాళ్లూ మనలోనే ఉన్నారు. బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి ప్రమాణవార్తికం అనే గ్రంథంలో నేల మీద లేచే మట్టిపుట్టని తెచ్చి ముందు పెట్టాడు. కుండ మట్టితో అయింది, దానికి కుమ్మరి ఉన్నాడు. పుట్ట కూడా మట్టితో అయిందే. కాబట్టి పుట్టనీ కుమ్మరే చేశాడంటారా? "వల్మీకస్యాపి తత్కృతిః" అన్నది అతని ఎత్తిపొడుపు. పైపైన ఒకలా ఉన్నాయని రెంటినీ ఒక గాట కట్టడం, బూడిదరంగులో కనపడిన ప్రతిదాన్నీ చూసి అక్కడ నిప్పుందనడం లాంటిదని కూడా అన్నాడు. పొగకీ నిప్పుకీ సంబంధం మనం చూశాం. పొగలా కనపడేదానికి చూడలేదు.

ఇది పాఠం చెప్పినప్పుడల్లా ఎవడో ఒక కుర్రాడు లేచి "చెదపురుగులు చేశాయి కదండీ, పుట్టకీ కర్త ఉన్నట్టేగా?" అనేవాడు. మంచి ప్రశ్న. ధర్మకీర్తి దెబ్బ ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే తెలుస్తుంది. పుట్టకి ఏదో ఒక కారణం ఉందన్నది అతను కాదనలేదు. కుండ మీద నేర్చుకున్న పాఠంతో ఆ కారణం ఎలాంటిదో చెప్పలేవు అంటున్నాడు. చెదపురుగుల్ని మనం పట్టుకున్నది పుట్టని తవ్వి చూసి, కుండతో పోల్చి కాదు. కుండ, ఇల్లు, గుడి, ఇవి మనుషులు చేస్తుండగా చూశాం. కాబట్టి పాడుబడ్డ గుడి కనిపిస్తే కట్టినవాళ్లెవరో తెలియకపోయినా ఎవరో కట్టారంటాం. ఆ అనుమానం సరైనదే (తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, కనపడినదాన్ని బట్టి కనపడనిదాన్ని తేల్చడం). కొండ ఆ కోవలోది అని చెప్పడానికి మన దగ్గరున్నది "కార్యం" అన్న ఒక్క పేరు. స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ చనిపోయాక 1779లో అచ్చయిన సంభాషణల గ్రంథంలో ఇంగ్లీషువాళ్లు గొప్పగా చెప్పుకునే అభ్యంతరం సరిగ్గా ఇదే. అది ధర్మకీర్తి తర్వాత వెయ్యేళ్లకి పైమాట.

నైయాయికులు ఊరుకోలేదు. వాళ్ల మొదటి జవాబు: వివాదంలో ఉన్న మొలకనే చూపించి "ఇదిగో కర్త లేని కార్యం" అంటే కుదరదు, ఏది తేలాలో దాన్నే సాక్ష్యంగా తెస్తున్నావు. పక్షంలోనే, అంటే దేని గురించి వాదమో దానిలోనే, వ్యభిచారం, అంటే నియమం తప్పడం, చూపకూడదన్నది వాదనియమం. నియమం సరైనదే. పొగ చూసి కొండ మీద నిప్పుందన్నవాడితో "ఆ కొండ మీదే పొగ ఉండి నిప్పు లేదేమో" అంటే ఏ అనుమానమూ బతకదు. కానీ పక్షం ఒక కొండ అయినప్పుడు మాట వేరు. ఇక్కడ పక్షం సముద్రాలు, కొండలు, అడవులు, ఇంచుమించు లోకమంతా. దృష్టాంతాల వైపు ఉన్నది మనుషులు చేసిన గుప్పెడు సామాను. ఆ తూకం చూస్తే నాకు ప్రతిపక్షి వైపే మొగ్గు కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం శరీరం గురించి. మనం చూసిన కర్తలందరికీ ఒళ్లుంది. ఈశ్వరుడికి ఒళ్లు లేదంటారు, మరి కర్త ఎలా అయ్యాడు? ఒళ్లుందంటే ఆ ఒంటిని ఎవరు చేశారు? ఇది అసలైన "దేవుణ్ని ఎవరు చేశారు". మీరు మామయ్యగారిని అడగాల్సింది ఇదీ. ప్రతిపక్షి దీన్ని అనుమానంగానే పెడతాడు: మొలకకి కర్త లేడు, ఎందుకంటే అది శరీరం వల్ల పుట్టలేదు, ఆకాశంలాగా. దానికి న్యాయశాస్త్రంలో వచ్చిన జవాబు చూస్తే నాకు ఇప్పటికీ నవ్వూ, మెచ్చుకోలూ రెండూ కలుగుతాయి. ఆకాశానికి కర్త లేకపోవడానికి "పుట్టలేదు" అన్నది చాలు, "శరీరం వల్ల" అని మధ్యలో ఇరికించడం దండగ, వ్యర్థ విశేషణం అని కొట్టేస్తారు. తర్కంగా చెల్లుతుంది. కానీ అభ్యంతరం వెనకున్న గుబులు మాత్రం పోదు: ఒళ్లు లేని ప్రయత్నం అంటే ఏమిటో మనం ఎక్కడా చూడలేదు.

మూడోది, ఒక్కడే ఎందుకు? పెద్ద గుడి కడితే వందమంది శిల్పులు పనిచేస్తారు. లోకానికి ఒక్కడే అని ఎవరు చెప్పారు? ఇక్కడ నైయాయికుల ఆసరా లాఘవం, అంటే ఒక్కడితో సరిపోతుంటే పదిమందిని ఊహించడం గౌరవం, అనవసరపు బరువు. ఇది సౌకర్యమే తప్ప ఋజువు కాదు. దీని మీద అందరికన్నా గట్టిగా కొట్టింది నాస్తికులో బౌద్ధులో కాదు, సాక్షాత్తూ రామానుజాచార్యులు. బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" సూత్రం దగ్గర అనుమానవాదాన్ని ఒక్కొక్క ముడీ విప్పుతారు. భూమి, సముద్రం కార్యాలే అనుకున్నా, అవన్నీ ఒకేసారి పుట్టాయనడానికి ఆధారం ఏది? ఒక్కడే చేశాడనడానికి ఏది? గొప్ప పుణ్యం చేసుకున్న జీవులు కొందరు తలోటీ చేసి ఉండకూడదా? చివరికి ఆయన తేల్చేది, ఈశ్వరుడు శాస్త్రం వల్లనే తెలుస్తాడు, అనుమానం వల్ల కాదు అని. శరణాగతి చెప్పిన ఆచార్యుడే, నారాయణుడే పరతత్త్వం అన్న మనిషే, కుండ-కుమ్మరి వాదం నిలవదని అన్నాడు. వాదాన్ని ఒప్పుకోకపోతే నాస్తికుడివి అని మిమ్మల్ని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయండి, కోప్పడకుండా.

మీమాంసకుడు, అంటే వేదకర్మల అర్థాన్ని విచారించే శాస్త్రంవాడు, కుమారిల భట్టుది ఇంకో దారి. వేదం అపౌరుషేయం, అంటే ఎవరూ రాసింది కాదు, అన్నవాడు, యజ్ఞయాగాలకి నిలబడ్డవాడు, అయినా సృష్టికర్తని ఒప్పుకోలేదు. "ప్రయోజనమనుద్దిశ్య న మందోऽపి ప్రవర్తతే" అని శ్లోకవార్తికంలో అన్నాడు, లాభమేమీ లేకుండా మందబుద్ధి కూడా పనికి పూనుకోడు. అన్నీ ఉన్న ఈశ్వరుడికి సృష్టితో ఏం పని? దయ వల్లనా? సృష్టికి ముందు జాలి పడడానికి ఎవరూ లేరే. దయే అయితే అందరినీ సుఖంగానే పుట్టించి ఉండొచ్చుగా? న్యాయశాస్త్రం వైపు జవాబు, జీవుల కర్మకి తగ్గట్టు సృష్టిస్తాడని. అయితే పని కర్మే చేస్తోంది కదా, మధ్యలో ఆయనెందుకు అని వెంటనే మీమాంసకుడు అడుగుతాడు. కర్మ జడం, దానికి ఏ ఫలం ఎప్పుడివ్వాలో తెలియదు, నడిపే చేతనుడు కావాలని నైయాయికుడు. ఈ తగువు తెగలేదు.

మీరు అడగకపోయినా ఉదయనుడి గురించి చెప్పకుండా ఉండలేను. మిథిలవాడు. న్యాయకుసుమాంజలి పూర్తిగా ఈ ఒక్క విషయం మీదే రాశాడు. అయిదో స్తబకంలో, అంటే అధ్యాయంలో, కారణాలన్నీ ఒక్క శ్లోకంలో గుచ్చాడు: "కార్యాయోజనధృత్యాదేః పదాత్ ప్రత్యయతః శ్రుతేః, వాక్యాత్ సంఖ్యావిశేషాచ్చ సాధ్యో విశ్వవిదవ్యయః." కార్యం అంటే ఇప్పటిదాకా చెప్పుకున్నదే. ఆయోజనం, సృష్టి మొదట్లో జడమైన పరమాణువులు కదిలి కలవడానికి ఒక చేతనుడి ప్రయత్నం కావాలని. ధృతి, ఇంత బరువైన భూమి పడిపోకుండా నిలిచి ఉండడం. ఇది న్యూటన్‌తోనే అయిపోయింది, దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. అన్నిట్లోకీ విచిత్రమైనది చివరిది, సంఖ్య. రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం. దాని పరిమాణం పరమాణువుల పరిమాణం నుంచి రాదు, వాటి "రెండు" అన్న సంఖ్య నుంచి వస్తుందని వైశేషికుల, అంటే నైయాయికుల జోడు శాస్త్రంవాళ్ల, సిద్ధాంతం. రెండు, మూడు అన్న సంఖ్యలు ఎవరో ఒకరు "ఇదొకటి, ఇదొకటి" అని ఎంచితే కలిగేవని వాళ్ల ఇంకో సిద్ధాంతం. సృష్టి మొదట్లో ఎంచేవాడు ఎవడు? జీవులకి అప్పటికి ఒళ్లూ మనసూ పనిచేయడం లేదు. కాబట్టి ఎంచిన బుద్ధి ఈశ్వరుడిది. ఆ రెండు సిద్ధాంతాలు ఒప్పుకోనివాడికి ఇది పనికిరాదు, కానీ లెక్కపెట్టడం నుంచి దేవుణ్ని రాబట్టిన వాదం ఇంకెక్కడా నాకు తగల్లేదు.

ఉదయనుడి మీద ఒక కథ ఉంది. పూరీ జగన్నాథుడి గుడికి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయట. "ఐశ్వర్యమదంతో నన్ను లెక్కచేయడం లేదు, రేపు బౌద్ధులొస్తే నీ ఉనికి నా చేతుల్లోనే ఉంది" అని దేవుడితోనే తగవాడాడట. కథే, చరిత్ర అనను. నాకు అంతకన్నా విలువైనది అతను గ్రంథం మొదట్లో తానే చెప్పిన మాట. శైవులు శివుడని, వైష్ణవులు పురుషోత్తముడని, చివరికి చేతివృత్తులవాళ్లు కూడా విశ్వకర్మ అని కొలిచేవాడి విషయంలో సందేహమే ఎక్కడిది అంటాడు. మరి ఎందుకు ఈ వాదమంతా? ఇది మననం, శ్రవణం తర్వాత వచ్చేది, ఈ చర్చ ఉపాసనే అంటాడు. నమ్మకం లేనివాణ్ణి సున్నా నుంచి లాక్కొచ్చే సాధనంగా దీన్ని అతను చూడలేదు. విన్నదాన్ని బుద్ధితో నమిలి జీర్ణం చేసుకోవడంగా చూశాడు. వాట్సాప్‌లో "దేవుడున్నాడని పది ఋజువులు" అని తిప్పేవాళ్లు ఈ తేడా మరిచిపోతారు.

ఇంకో సంగతి. ఈ వాదం పూర్తిగా నెగ్గిందనే అనుకోండి. దొరికేది ఎవరు? శాశ్వతంగా ఉన్న పరమాణువుల్ని, శాశ్వతంగా ఉన్న జీవాత్మల్ని, వాళ్ల కర్మల్ని తీసుకుని సర్దే నిపుణుడు. వాటిని ఆయన పుట్టించలేదు. సర్వం తానే అయినవాడు అని మీ మామయ్యగారు సంధ్యవేళ తలుచుకునే దేవుడు ఇతను కాడు. ఏమీ లేని చోటు నుంచి సమస్తం చేశాడని క్రైస్తవులూ ముస్లిములూ చెప్పే దేవుడూ కాడు. ఏ ఇంట్లో కొలిచే దేవుడికీ ఈ అనుమానం పూర్తిగా సరిపోదు.

పాశ్చాత్యుల సంగతి క్లుప్తంగా. విలియం పేలీ 1802లో గడియారం చూపించి, దానికి చేసినవాడున్నట్టే ప్రాణులకీ ఉన్నాడని చెప్పింది కుండవాదానికి తమ్ముడే. 1859లో డార్విన్ గ్రంథం వచ్చాక ప్రాణుల అవయవాల అమరికకి వేరే వివరణ దొరికింది, ఆ వాదం ఆ రూపంలో మళ్లీ లేవలేదు. క్రైస్తవ మతాచార్యుడు ఆన్సెల్మ్ పదకొండో శతాబ్దంలో దేవుడన్న భావన నుంచే ఉనికిని రాబట్టాడు, అది తెలివైన గారడీ అని నా అభిప్రాయం. నన్ను నిజంగా ఆపేది మాత్రం ఒకటుంది. పర్షియా తత్త్వవేత్త ఇబ్న్ సీనా ఒక రకంగా, జర్మనీ తత్త్వవేత్త లైబ్నిజ్ ఇంకో రకంగా చెప్పారు. దీనికి లోకం ఎప్పుడు పుట్టిందన్నదాంతో పని లేదు. ఉన్నవన్నీ లేకుండా ఉండడానికీ వీలున్నవే. అలాంటివి ఎన్ని పోగేసినా, అనాదిగా పోగేసినా, "అసలు ఏమీ లేకుండా ఉండకుండా ఇదంతా ఎందుకుంది?" అన్న ప్రశ్న మొత్తం మీద అలాగే ఉంటుంది. దానికి జవాబు కావాలంటే లేకుండా ఉండడం కుదరనిదేదో ఉండాలి. 1948లో బీబీసీ రేడియోలో కాపిల్‌స్టన్ అనే జెసూట్ పాదిరీ దీన్ని తత్త్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ముందు పెడితే, విశ్వం ఊరికే ఉంది, అంతే అన్నాడు రసెల్. అది ఖండన కాదు, ఆ ప్రశ్న అడగనని చెప్పడం. అలా చెప్పే హక్కు అతనికుంది. మామయ్యగారు కుండని పక్కనబెట్టి దీన్ని ఎత్తుకుంటే మీకు అంత తేలిగ్గా జవాబు దొరకదు. అయితే లేకుండా ఉండలేనిది ఏదో ఉందన్నంత మాత్రాన దానికి తెలివీ కోరికా ఉన్నాయని తేలదు. అక్కడికి ఇంకో వంతెన కట్టాలి, ఆ వంతెన గట్టిగా కట్టినవాణ్ణి నేను చూడలేదు.

చివరిది బిగ్ బ్యాంగ్. "పుట్టినదానికి కారణముంది, లోకం పుట్టింది, కాబట్టి లోకానికి కారణముంది" అన్న రూపం కలాం అనే ఇస్లాం మతతర్కం పండితులది. 1111లో పోయిన గజాలీ దానికి పేరు తెచ్చాడు. 1979లో క్రైస్తవ తత్త్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ దాని మీద గ్రంథం రాసి మళ్లీ చర్చలోకి తెచ్చాడు. రెండో మెట్టుకి ఇప్పుడు బిగ్ బ్యాంగ్‌ని ఆసరాగా తెస్తారు. భౌతికశాస్త్రం చెప్పేది మాత్రం, దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మహావేడిగా, దట్టంగా ఉండి, అప్పటినుంచి విస్తరిస్తోందని. ఏమీ లేని స్థితి నుంచి పుట్టిందని ఆ లెక్కలు చూపలేదు. మరీ వెనక్కి వెళ్తే మనకున్న సమీకరణాలే పనిచేయడం మానేస్తాయి. ఈ సిద్ధాంతానికి ఆద్యుల్లో ఒకడైన జార్జ్ లెమేట్ర్ స్వయంగా కేథలిక్ పాదిరీ. 1951లో పన్నెండో పయస్ పోపు ఈ కొత్త విజ్ఞానం సృష్టికి సాక్ష్యం పలుకుతోందని ప్రసంగిస్తే లెమేట్ర్‌కి అది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మతం ఇవతలే ఉంచాడు. నైయాయికుడినైతే అసలు ఈ మొదలు గురించి కంగారే పెట్టలేరు. అతని లెక్కలో సృష్టి ప్రళయాలు అనాదిగా మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి, బిగ్ బ్యాంగ్ అన్నది వాటిలో ఒకటైనా అతనికి ఇబ్బంది లేదు, కాకపోయినా లేదు. అతనికి కావాల్సింది ఇవాళ్టి మొలక.